భక్తి అదే, బటన్ వేరు

జూబ్లీహిల్స్ అసెంబ్లీ నియోజకవర్గంలో 2023 నవంబర్‌లో బీజేపీకి పడిన ఓట్లు 25,866. ఆరు నెలలు తిరక్కుండానే, 2024 మే లోక్‌సభ ఎన్నికల్లో, అదే పరిధిలో ఆ పార్టీ ఓట్లు 60 వేలు దాటాయి. 2025 నవంబర్ ఉప ఎన్నిక వచ్చేసరికి 17,061కి పడిపోయి డిపాజిట్ కూడా గల్లంతయింది. బోరబండ, యూసుఫ్‌గూడ, ఎర్రగడ్డ, రహ్మత్‌నగర్, షేక్‌పేట: మూడుసార్లూ బస్తీలు అవే, బూత్‌లు దాదాపు అవే. (పేరు జూబ్లీహిల్సే గానీ, బంగళాల జూబ్లీహిల్స్‌లో ఎక్కువ భాగం పక్కనున్న ఖైరతాబాద్ నియోజకవర్గంలోకి పోతుంది. ఇక్కడ ఓటేసేది ఎక్కువగా బస్తీల వాళ్లు, చిరుద్యోగులు.) ఈ రెండేళ్లలో వీళ్ల భక్తి రెట్టింపుకు మించి పెరిగి, మళ్లీ దాదాపు నాలుగో వంతుకు తగ్గిందని ఎవరూ అనరు.

రెండో లెక్క ఇంకా చిత్రం. ఇదే చోట 2014లో మజ్లిస్ (ఎంఐఎం) పార్టీ పతంగి గుర్తు మీద నవీన్ యాదవ్ అనే హిందూ అభ్యర్థిని నిలబెడితే 41 వేలకు పైగా ఓట్లు వచ్చి రెండో స్థానం దక్కింది. 2023లో అదే పార్టీ ముస్లిం అభ్యర్థిని పెడితే 8 వేలు కూడా దాటలేదు. అదే ఎన్నికలో కాంగ్రెస్ దింపిన మహమ్మద్ అజారుద్దీన్ 16,337 ఓట్ల తేడాతో బీఆర్ఎస్ అభ్యర్థి మాగంటి గోపీనాథ్ చేతిలో ఓడిపోయారు. 2025 ఉప ఎన్నికలో మజ్లిస్ పోటీకే దిగకుండా కాంగ్రెస్‌కు మద్దతిచ్చింది. కాంగ్రెస్ అభ్యర్థి, ఒకప్పటి పతంగి అభ్యర్థి నవీన్ యాదవే. 24,729 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు.

'ముస్లింలు ముస్లింకే వేస్తారు, హిందువులు హిందూ పార్టీకే వేస్తారు' అనే టీ కొట్టు సిద్ధాంతం ఈ ఒక్క నియోజకవర్గం ముందే నిలబడదు. అలాగని మతానికి ఓటుతో సంబంధం లేదనడం కూడా అబద్ధమే. ఈ ఎన్నిక దేని గురించి అనేది ఓటరు మనసులో తేల్చుకునే దగ్గర విశ్వాసం గట్టిగా పనిచేస్తుంది. ఎవరికి వెయ్యాలన్నది ఆ తర్వాతి మాట. దాన్ని గెలిచే అవకాశం, గల్లీలో పలుకుబడి, పింఛను, డ్రైనేజీ, భయం అన్నీ కలిసి తేలుస్తాయి. మారుతున్నది ఈ రెండో భాగమే.

రాష్ట్రం మొత్తం మీద చూసినా ఇదే కనిపిస్తుంది. 2018 అసెంబ్లీ ఎన్నికల్లో తెలంగాణలో బీజేపీకి 7 శాతం ఓట్లు. నాలుగు నెలలకు, 2019 లోక్‌సభకు 19 శాతం పైచిలుకు. 2023 అసెంబ్లీకి దాదాపు 14, 2024 లోక్‌సభకు 35. రెండుసార్లూ అసెంబ్లీ నుంచి లోక్‌సభకు వచ్చేసరికి రెండింతలు దాటి పెరిగింది. 'ముఖ్యమంత్రి ఎవరు' అని అడిగినప్పుడు పక్కకు జరిగిన గుర్తింపు 'ప్రధాని ఎవరు' అని అడిగేసరికి ముందుకొచ్చింది. మధ్యలో 2024 జనవరి 22న అయోధ్యలో ప్రాణప్రతిష్ఠ జరిగింది, గల్లీ గల్లీకి అక్షతలు వచ్చాయి. దాని ప్రభావం లేదనలేం. కానీ అయోధ్య అంత వేడిగా లేని 2019లోనూ ఇదే ఎగుడు కనిపించింది కాబట్టి, 2024 పెరుగుదల మొత్తాన్ని గుడి ఖాతాలో రాయడం తొందరపాటు. బీఆర్ఎస్ 37 శాతం నుంచి 17కు పడిపోవడం ఇంకా పెద్ద కారణం. ఓడిన ఇంట్లోంచి బయటికొచ్చిన ఓటరుకు ఎక్కడికో వెళ్లాలి కదా.

బల్దియా (జీహెచ్‌ఎంసీ) ఎన్నికలది మరో దారి. 2016లో 150 డివిజన్లలో బీజేపీకి 4 దక్కితే, 2020 డిసెంబర్ 1న జరిగిన ఎన్నికల్లో 48 దక్కాయి. ప్రచారంలో చార్మినార్ దగ్గరి భాగ్యలక్ష్మి ఆలయానికి కేంద్ర హోంమంత్రి అమిత్ షా వచ్చారు. పాతబస్తీ చుట్టూ మాటలు వేడెక్కాయి. దేశమంతా దాన్ని మతం ఎన్నికగానే చూసింది. ఆ ఏడాది అక్టోబర్ వానలకు ఎన్ని కాలనీలు మునిగాయో, పదివేల రూపాయల వరద సాయం కోసం మీసేవ కేంద్రాల ముందు ఎంత పొడుగు వరసలు కట్టాయో, అది కొందరికే అందిందన్న కోపం ఎంతుందో బయటివాళ్లకు పట్టలేదు. మునిగిన కాలనీలున్న ఎల్బీనగర్ వైపు డివిజన్లలోనే బీజేపీ బాగా గెలిచింది. మూడేళ్లకు, 2023లో, అదే ఎల్బీనగర్ అసెంబ్లీ సీటు బీఆర్ఎస్‌కు వెళ్లింది. ఆరు నెలలకు ఆ ప్రాంతం ఉన్న మల్కాజిగిరి లోక్‌సభ స్థానాన్ని బీజేపీ 3,91,475 ఓట్ల ఆధిక్యంతో గెలుచుకుంది. నీళ్లలో మునిగిన ఇంటి కోపానికి మతం ఒక భాష ఇచ్చింది. కోపం చల్లారాక ఆ భాష ఒక్కటే అసెంబ్లీ సీటు తేలేకపోయింది.

ఈ ఊగిసలాట మధ్య కదలని అంకె ఒకటుంది. 2009, 2016, 2020 బల్దియా ఎన్నికల్లో మజ్లిస్ గెలిచిన డివిజన్లు వరసగా 43, 44, 44. దీన్ని మతానికే వదిలేస్తే దారుస్సలాం పని అర్థం కాదు. ఆ పార్టీ కార్యాలయంలో ఎమ్మెల్యేలు, కార్పొరేటర్లు కూర్చుంటే కరెంటు బిల్లు తగాదా నుంచి ఆస్పత్రి సిఫారసు దాకా కాగితాలు పట్టుకుని జనం వస్తారు. ఇది దశాబ్దాలుగా నడుస్తున్న పద్ధతి. 1984లో మొదలైన దక్కన్ మెడికల్ కాలేజీ, దానికి అనుబంధంగా వచ్చిన ఆస్పత్రులు ఇంకో ఆసరా. మసీదు ఓటరును పతంగి దగ్గరికి తీసుకొస్తుందేమో గానీ, పోకుండా పట్టి ఉంచేది ఈ కాగితాల పనే. ఇదే పార్టీ తరఫున 1980ల చివర్లో, 1990 ప్రాంతంలో హిందువులు నగర మేయర్లయ్యారని ఇప్పటివాళ్లలో చాలామందికి తెలియదు.

ఆ పట్టు కూడా ఒకసారి జారింది. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలిన తర్వాతి నెలల్లో, నాయకత్వం గట్టిగా నిలబడలేదన్న కోపంతో, మజ్లిస్ నేత అమానుల్లా ఖాన్ చీలిపోయి 1993లో మజ్లిస్ బచావో తెహ్రీక్ పెట్టారు. 1994 అసెంబ్లీ ఎన్నికల్లో చీలిక వర్గానికి చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా దక్కితే, అసలు మజ్లిస్‌కు మిగిలింది చార్మినార్ ఒక్కటే. అక్కడ గెలిచింది అసదుద్దీన్ ఒవైసీ. గమనించాల్సింది ఏమంటే, మతభావన అత్యంత తీవ్రంగా ఉన్న ఆ సమయంలోనే మతం పేరు మీద నిలబడిన పార్టీ చీలింది. బయటి శత్రువు కళ్ల ముందు పోటీలో లేకపోతే, ఎవరు నిజమైన కాపలాదారు అన్న తగాదా ఇంట్లోనే మొదలవుతుంది. రెండేళ్లకు, 1996 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్‌లో బీజేపీ నుంచి వెంకయ్య నాయుడు దిగేసరికి లెక్క మారింది, మజ్లిస్ అధినేత సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ గెలిచారు.

2023లోనూ అదే నీడ పడింది. యాకుత్‌పురాలో మజ్లిస్ అభ్యర్థి గట్టెక్కింది 878 ఓట్లతో. రెండో స్థానంలో ఉన్నది తెహ్రీక్ అభ్యర్థి. అక్కడ పోలింగ్ 40 శాతం కూడా లేదు. ఆరు నెలల తర్వాత అదే సెగ్మెంటు ఉన్న హైదరాబాద్ లోక్‌సభలో, బీజేపీ అభ్యర్థి మాధవీలత ప్రచారం హోరెత్తాక, అసదుద్దీన్ ఆధిక్యం 2019 నాటి 2,82,186 నుంచి 3,38,087కు పెరిగింది. ఎదురుగా ఎవరున్నారన్నది పోలింగ్ బూత్‌కు నడిచే కాళ్ల సంఖ్యను మారుస్తుంది. పార్టీలకు ఇది బాగా తెలుసు. అందుకే ప్రత్యర్థి నోటి దురుసుతనాన్ని రెండు వైపులా శ్రద్ధగా వీడియోలు కత్తిరించి పంచుకుంటారు.

పాతబస్తీ దాటితే ముస్లిం ఓటు ఇంకో పద్ధతిలో కదులుతుంది. అక్కడ మొదటి లెక్క, బీజేపీని ఓడించగలిగేది ఎవరు అని. 2023లో నగరంలో ఆ జవాబు ఎక్కువచోట్ల బీఆర్ఎస్. హైదరాబాద్ జిల్లాలోని 15 సీట్లలో బీఆర్ఎస్‌కు 7, మజ్లిస్‌కు 7, బీజేపీకి గోషామహల్ ఒక్కటి. రాష్ట్రంలో అధికారంలోకి వచ్చిన కాంగ్రెస్‌కు ఇక్కడ సున్నా. 2025కి అధికారం కాంగ్రెస్ చేతిలో ఉంది కాబట్టి జవాబు మారింది. దీన్ని మతపరమైన ఓటు అనాలా, లౌకిక లెక్క అనాలా? ప్రేరణ మతానిది, పద్ధతి మాత్రం వడ్డీ వ్యాపారిది. ఆడపిల్ల పెళ్లికి షాదీ ముబారక్ కింద వచ్చే 1,00,116 రూపాయలు, కల్యాణలక్ష్మి కింద వచ్చే అదే మొత్తం, ఇమాములకు గౌరవ వేతనం, బోనాలకు గుళ్లకిచ్చే నిధులు, ఎల్బీ స్టేడియంలో ఇఫ్తార్, క్రిస్మస్ విందు: ప్రభుత్వంలో ఎవరున్నా ఈ జాబితా కొనసాగుతుంది. అందుకే వీటితో ఓటు కొత్తగా రావడం తక్కువ. ఆలస్యమైతే పోవడం మాత్రం ఖాయం.

హిందూ బస్తీల్లో దారుస్సలాం లాంటి నెట్‌వర్క్ వేరే రూపంలో ఉంటుంది. గుడి కన్నా వినాయక మండపం కమిటీ ముఖ్యం. ఖైరతాబాద్‌లో 1954లో ఒక అడుగు విగ్రహంతో మొదలైన పద్ధతి ఇప్పుడు ప్రతి గల్లీకీ పాకింది. ఒక మధ్యస్థ మండపానికి కావాల్సినవి చూడండి: చందా పుస్తకం, కరెంటు అనుమతి, పోలీసు అనుమతి, డీజే, నిమజ్జనానికి లారీ, అన్నదానానికి బియ్యం. వీటిలో ప్రతిదానికీ ఒక కార్పొరేటరో, ఆ పదవి కావాలనుకునేవాడో సాయం చేస్తాడు, ఫ్లెక్సీ మీద ఫోటో వేయించుకుంటాడు. పదకొండు రోజుల్లో ఇరవై ముప్ఫై మంది కుర్రాళ్లు రాత్రుళ్లు కలిసి కాపలా కాస్తారు. ఎన్నికలొచ్చినప్పుడు ఓటరు చీటీలు పంచేది, ముసలివాళ్లను ఆటోల్లో బూత్‌కు తెచ్చేది చాలాచోట్ల వీళ్లే. బాలాపూర్ లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2025లో 35 లక్షలకు చేరింది. అంత సొమ్ము తిరిగే చోట రాజకీయం దూరంగా ఉంటుందనుకోవడం అమాయకత్వం. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, కమిటీ కుర్రాళ్లు ఒక పార్టీ జెండా కట్టారు కాబట్టి బస్తీ అంతా అటే అనుకోవడం. కమిటీల్లో ఆడవాళ్లు దాదాపు ఉండరు. బోనం ఎత్తేది ఆడవాళ్లు, డ్వాక్రా సంఘాల్లో అప్పు కట్టేదీ వాళ్లే. వాళ్ల ఓటు ఆ సంఘం మాటల్లో తేలుతుంది, మండపం కింద కాదు.

మసీదుల్లో ఖుత్బా (శుక్రవారం ప్రసంగం) ద్వారా ఓటు నడుస్తుందన్న నమ్మకం కూడా సగమే నిజం. సున్నీల్లోనే బరేల్వీ, దేవబందీ, అహ్లె హదీస్ వర్గాలు, దారుల్‌షిఫా చుట్టుపక్కల షియాలు: ఎవరి మసీదు వాళ్లదే, ఎవరి ఆలోచన వాళ్లదే. మింబర్ (ఇమామ్ ప్రసంగించే వేదిక) మీద నుంచి పేరు పెట్టి 'ఫలానా గుర్తు' అనడం అరుదు. 'ఓటు వేయండి, చీల్చకండి' అన్న మాట చాలు, మిగతాది నమాజు తర్వాత బయట చెప్పుల దగ్గర పూర్తవుతుంది.

క్రైస్తవుల సంగతి గణాంకాలకే అందదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో క్రైస్తవులు 1.3 శాతం. సికింద్రాబాద్‌లోనో, మియాపూర్ వైపో ఆదివారం ఉదయం రోడ్ల మీద ఉన్నవాళ్లకు ఆ అంకె నమ్మబుద్ధి కాదు. కారణం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. ఎస్సీ హోదా హిందువులకే అని మొదలై, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తించింది. క్రైస్తవులకు వర్తించదు. క్రైస్తవంలోకి మారిన మాల, మాదిగ కుటుంబం కాగితం మీద ఆ సంగతి రాస్తే ఎస్సీ నుంచి జారి, 1 శాతం కోటా ఉన్న బీసీ-సీలో పడుతుంది. కాబట్టి సర్టిఫికెట్ ఒకటి చెబుతుంది, ప్రార్థన ఇంకొకటి. ఇలాంటి కుటుంబానికి విశ్వాసమూ కులమూ వేర్వేరు ఓట్లు అడుగుతాయి: చర్చిల మీద దాడులు ఆపేదెవరని ఒకటి, ఎస్సీ వర్గీకరణలో తమకు మేలు చేసేదెవరని రెండోది. ఈ రెండింట్లో ఏది పైకొస్తుందో ఆ ఏడాది వార్తలే నిర్ణయిస్తాయి. పాస్టర్ మాట సంఘం సైజును బట్టి ఉంటుంది. యాభై మంది ఉన్న ఇంటి సంఘంలో బలంగా, వేలమంది వచ్చే పెద్ద సంఘంలో బలహీనంగా.

ఉల్టా దారి కూడా ఉంది, దాని మీద చర్చ తక్కువ. మతం రాజకీయాన్ని మార్చడమే కాదు, రాజకీయం మతాన్నీ మారుస్తుంది. ఒక పార్టీకి అభిమాని అయ్యాక శోభాయాత్రకు వెళ్లడం మొదలుపెట్టినవాళ్లు, నుదుట బొట్టు పెద్దదైనవాళ్లు, పార్టీ మారాక మండపం కూడా మార్చినవాళ్లు ప్రతి డివిజన్‌లో దొరుకుతారు. వీళ్లను చూసి 'భక్తి పెరిగింది కాబట్టి ఓటు మారింది' అని రాస్తే కారణం, ఫలితం తారుమారవుతాయి. 2019 నవంబర్ నుంచి 2020 మార్చి వరకు దేశమంతా 29,999 మందిని అమెరికా పరిశోధన సంస్థ ప్యూ అడిగినప్పుడు, 2019లో ఓటేసిన హిందువుల్లో బీజేపీకి వేశామన్నవాళ్లు ఉత్తరాదిన 68 శాతం, దక్షిణాదిన 19. దేవుడి ముందు దీపం పెట్టడంలో ఇంత తేడా దక్షిణాదిలో ఎక్కడుంది? తేడా ఉన్నది ఆ దీపాన్ని రాజకీయంగా ఎవరు, ఎప్పటి నుంచి వాడుతున్నారన్న దాంట్లో.

చట్టం వీటిలో చాలా కొంచెమే పట్టుకోగలదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ ప్రకారం మతం పేరుతో ఓటు అడగడం అవినీతి చర్య. 2017 జనవరి 2న ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం 4-3 తేడాతో, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరెత్తినా అంతేనని చెప్పింది. ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో పిటిషన్ వేయాలి. రుజువైతే ఎన్నిక రద్దు, ఆరేళ్ల వరకు అనర్హత. చిక్కు ఎక్కడంటే, ఆ విజ్ఞప్తి అభ్యర్థో, ఏజెంటో, లేదా వాళ్ల సమ్మతితో మరొకరో చేసినట్టు నిరూపించాలి. ఎవరు పుట్టించారో తెలియని వాట్సాప్ సందేశానికి సమ్మతి ఎలా చూపిస్తారు? ప్రచారం ముగిసే 48 గంటల నియమానికీ ఇలాంటి కంతే. 2024 మే 13 సోమవారం సాయంత్రం 6 దాకా పోలింగ్ కాబట్టి శనివారం సాయంత్రం 6కే మైకులు ఆగాయి. ఆదివారం ఆరాధన మాత్రం యథావిధిగా జరిగింది, జరగాలి కూడా. అక్కడ ఎవరు ఏం ప్రార్థించమన్నారో ఏ అధికారీ రాసుకోడు.

ఇక అంకెలు చదివే పని. బూత్‌వారీ ఫలితాలు ఫారం 20లో ఉంటాయి, ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. చాలామంది చేసేది ఇది: ఓటరు జాబితాలో పేర్లు చూసి ఏ బూత్‌లో ముస్లింలెందరో లెక్కిస్తారు, ఫారం 20 పక్కన పెడతారు, 'ముస్లింలలో ఇంత శాతం ఫలానాకు' అని తేల్చేస్తారు. ఒక ఊహా బూత్ తీసుకుందాం. 1,000 మంది ఓటర్లు, 600 ముస్లింలు, 400 హిందువులు, పోలైనవి 450, ఒక అభ్యర్థికి 270. ముస్లింలు 60 శాతం, ఓట్లూ 60 శాతం, లెక్క సరిపోయిందనిపిస్తుంది. ఓటేసిన 450 మందిలో 270 మంది ముస్లింలై, అందరూ ఆయనకే వేసి ఉండొచ్చు. లేదా 300 మంది ముస్లింలు వచ్చి 150 మంది మాత్రమే ఆయనకు వేసి, వచ్చిన 150 మంది హిందువుల్లో 120 మంది ఆయనకు వేసి ఉండొచ్చు. కాగితం మీద రెండూ ఒకటే. పోలింగ్ సగం కూడా దాటని ఈ నగరంలో ఎవరు రాలేదన్నది తెలియకుండా ఎవరికి వేశారన్నది తేలదు.

దీనికి తోడు జాబితాలోనే దోషాలు: ఇల్లు మారినా పాత చిరునామాలో మిగిలినవాళ్లు, చనిపోయినా తీసేయని పేర్లు. కిరాయి ఇళ్లు ఎక్కువున్న బస్తీల్లో ఇవి మరీ ఎక్కువ, అందువల్ల అక్కడి పోలింగ్ శాతం నిజం కన్నా తక్కువగా కనిపిస్తుంది. ముస్లిం పేరు గుర్తుపట్టొచ్చు. ఎల్లయ్య, లక్ష్మమ్మ, సురేశ్ కుమార్ పేర్లలో ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లెవరో పేరు చెప్పదు, వాళ్లంతా 'హిందూ ఓటు' గంపలో పడిపోతారు.

ఇంటింటికీ వెళ్లి అడిగే సర్వేలు కొంత మేలు, ప్రశ్న సరిగ్గా వేస్తేనే. 'మతం చూసి వేశారా' అంటే ఎవరైనా లేదనే అంటారు. 'ఓటరు చీటీ ఇంటికి ఎవరు తెచ్చారు, బూత్‌కు ఎవరితో వెళ్లారు, పోయినసారి వేసిన పార్టీకి ఈసారి ఎందుకు వెయ్యలేదు, ఈసారి ఎవరు గెలవకూడదనుకున్నారు' అని విడివిడిగా అడిగితే జవాబులు వస్తాయి. పోలింగైన వారంలోపు అడగాలి. ఫలితాలొచ్చాక అడిగితే ఆ బస్తీలో అందరూ గెలిచినవాడికే వేసి ఉంటారు.